పైన పటారం.. అడుగున తుప్పు

పాత వాహనానికి నల్ల పూత ఒక్కటే రక్షణ కాదు.. కడిగి, ఆరబెట్టి, తుప్పు గీకిన తరువాతే పూత

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్: పదేళ్లు దాటిన కారుకు రంగు వేయించి, సీట్లకు కొత్త కవర్లు తొడిగించి, అద్దాలు తళతళలాడేలా తుడిపించే యజమానులు దాని అడుగుభాగాన్ని మాత్రం చూడరు. సర్వీసింగ్ షెడ్డులో ర్యాంపు ఎక్కించిన రోజున కూడా చూసేది మెకానిక్కే గానీ యజమాని కాదు. కాళ్ల కింది తివాచీ తడిసి వాసన కొట్టేదాకా, జాకీ పెట్టినచోట రేకు లోపలికి కుంగేదాకా తుప్పు సంగతి బయటపడదు. అప్పుడు హడావుడిగా అడుగున నల్లని పూత కొట్టించి గండం గడిచిందనుకోవడం పరిపాటిగా మారింది. తుప్పు మీద వేసిన పూత తుప్పును ఆపదు. లోపల చిక్కిన తేమను బయటకు పోనివ్వక, జరిగే నష్టాన్ని కంటికి కనబడకుండా చేస్తుంది. వానాకాలం రాకముందే అడుగుభాగాన్ని పరీక్షించుకుని, పనిని వరుసక్రమంలో చేయించుకుంటే పాత వాహనం మరికొన్నేళ్లు భద్రంగా తిరుగుతుంది.

సముద్రం లేకున్నా తుప్పే

తుప్పు అనగానే విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంత పట్టణాలు గుర్తుకు వస్తాయి. అక్కడి గాలిలోని ఉప్పు ఇనుమును త్వరగా తినేస్తుంది. చలిదేశాల్లో రోడ్లపై మంచు కరగడానికి చల్లే ఉప్పు వల్ల కార్ల అడుగుభాగాలు దెబ్బతింటాయి. హైదరాబాద్‌కు సముద్రం 250 కిలోమీటర్లకు పైగా దూరం. ఏడాది సగటు వర్షపాతం 80 సెంటీమీటర్లకు అటూఇటూ. ఈ లెక్కన నగరంలో వాహనాలకు తుప్పు బెడద తక్కువగా ఉండాలి. నగర తూర్పు ప్రాంతంలో మాత్రం వేరే కారణాలు తోడవుతున్నాయి.

వాటిలో మొదటిది నిలిచిన నీరు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన కుంభవృష్టికి ఘట్‌కేసర్ మండలంలో 32 సెంటీమీటర్ల వర్షం నమోదైంది. సరూర్‌నగర్ చెరువు పొంగి దిగువనున్న కోదండరాంనగర్, పీ అండ్ టీ కాలనీ తదితర ప్రాంతాలు జలమయమయ్యాయి. ఇళ్ల ముందు, సెల్లార్లలో నిలిపిన కార్లు, ద్విచక్ర వాహనాలు బురదనీటిలో నానాయి. 2022 జులైలో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ పోటెత్తి మూసారాంబాగ్ వంతెనపై రాకపోకలు నిలిచిపోయాయి. ఇంతటి వరదలు రాని ఏడాదిలోనూ విజయవాడ జాతీయ రహదారిపై చింతల్‌కుంట వంటిచోట్ల గట్టి వాన కురిస్తే చక్రాలు మునిగేంత నీటిలో వాహనాలు వెళ్లవలసి వస్తుంది.

రెండో కారణం ఆ నీటిలో కలిసే మురుగు. మ్యాన్‌హోళ్లు పొంగినప్పుడు రోడ్డుమీద పారే నీటిలో లవణాలు ఎక్కువగా ఉంటాయి. మూడోది మట్టి. తవ్వకాలు, నిర్మాణాలు సాగే కాలనీల్లో వాహనం అడుగున పేరుకునే మట్టి తడిసిన గుడ్డలా రోజుల తరబడి తేమను పట్టి ఉంచుతుంది. నాలుగోది కడిగే నీరు. చాలా సర్వీసింగ్ షెడ్లలో వాడేది బోరునీరే. లవణాలు అధికంగా ఉన్న బోరునీటితో కడిగి ఆరబెట్టకుండా వదిలేస్తే, నీరు ఆవిరైనా ఉప్పు రేకుమీదనే మిగిలిపోతుంది.

తుప్పు పుట్టేదిలా

ఉక్కు రేకులోని ఇనుముకు నీరు, గాలిలోని ఆక్సిజన్ తోడైతే తుప్పు మొదలవుతుంది. ఇది చిన్న బ్యాటరీలో జరిగే విద్యుత్ రసాయన చర్య వంటిది. నీటిలో ఉప్పు కలిస్తే విద్యుత్ ప్రవాహం సులువై చర్య వేగం పెరుగుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక పైనున్న రంగును పొక్కులా పైకి లేపి పగలగొడుతుంది. ఆ పగులులోంచి మళ్లీ నీరు చేరుతుంది. తుప్పు పొర గుల్లగా ఉండి తేమను పీల్చుకోవడం వల్ల, ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు.

నేటి కార్లలో చాలావాటికి జింకు పూసిన ఉక్కు వాడుతున్నారు. మొత్తం బాడీని ప్రైమర్ తొట్టిలో ముంచి విద్యుత్ సాయంతో పూత పట్టిస్తున్నారు. జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. పాతతరం వాహనాల్లో ఈ రక్షణ తక్కువ. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన మారుతి 800, అంబాసిడర్, 2019లో ఆగిపోయిన ఓమ్నీ వంటి వాహనాలను ఇప్పటికీ అపురూపంగా చూసుకునేవారు అడుగుభాగం విషయంలో మరింత శ్రద్ధ వహించాలి.

ముందుగా చూడవలసిన చోట్లు

తుప్పు అంతటా ఒకేసారి రాదు. మట్టి, నీరు కలిసి నిలిచేచోట పుడుతుంది. చక్రాల గూళ్ల అంచులు, తలుపుల కింద పొడవుగా ఉండే రన్నింగ్ బోర్డు రేకు, జాకీ పెట్టే స్థానాలు, స్టెప్నీ చక్రం ఉంచే గుంట, రెండు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన అతుకులు ముందుగా దెబ్బతినే భాగాలు. తలుపుల అడుగున, రన్నింగ్ బోర్డు కింద నీరు కారిపోవడానికి తయారీదారులే చిన్న రంధ్రాలు వదులుతారు. మట్టి, ఎండుటాకులు చేరి అవి మూసుకుపోతే నీరు లోపలే నిలిచి, రేకు లోపలి నుంచి తినేస్తుంది. బయటకు పొక్కు కనబడేసరికి లోపల సగం పని పూర్తయి ఉంటుంది. ఈ రంధ్రాలను నెలకోసారి సన్నని ప్లాస్టిక్ పుల్లతో శుభ్రం చేసుకోవడం పైసా ఖర్చులేని రక్షణ.

అందం కాదు, ప్రాణం

అడుగు తుప్పును చాలామంది అందానికి సంబంధించిన లోపంగానే భావిస్తున్నారు. చాలా కార్లకు విడిగా ఛాసిస్ ఉండదు. మడతలు పెట్టి అతికించిన రేకులే వాహనం బరువును మోస్తాయి. ప్రమాదంలో దెబ్బను తట్టుకునేవీ అవే. జీపు, సుమో, బొలేరో వంటి వాటికి విడిగా ఛాసిస్ ఉన్నా, దాని లోపలి బోలులో తేమ చేరితే ప్రమాదం తప్పదు. సీట్లు, సీటు బెల్టులు బిగించినచోట రేకు బలహీనపడితే, ఢీకొన్నప్పుడు బెల్టు కట్టుకున్నా ఫలితం ఉండకపోవచ్చు.

బ్రేకు ద్రవాన్ని చక్రాలకు చేరవేసే సన్నని ఉక్కు గొట్టాలు కూడా అడుగునుంచే వెళతాయి. తుప్పుతో పలుచబడిన గొట్టం మామూలుగా తొక్కినప్పుడు నిలబడినా, ఆపదలో గట్టిగా తొక్కిన క్షణాన పగిలే ముప్పు ఉంది. సైలెన్సర్ గొట్టానికి, కాళ్ల కింది రేకుకు ఒకేసారి చిల్లులు పడితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. అద్దాలు మూసి ఏసీ వేసుకుని వెళ్లేవారికి ఇది ప్రాణాంతకం కాగలదు.

పరీక్షించుకోవడం ఎలా?

వాహనాన్ని ర్యాంపు ఎక్కించి పగటి వెలుతురులో, చేతిలో టార్చితో చూడాలి. ఇంటివద్ద చూసేవారు జాకీ ఒక్కదాన్ని, ఇటుకలను, రాళ్లను నమ్మి కిందకు దూరరాదు. చదునైన నేలమీద చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, బరువు మోసే ఉక్కు స్టాండ్లపై నిలిపిన తరువాతే పరిశీలించాలి. లోపలి తివాచీ ఎత్తి నేల రేకును చేతితో తడమాలి. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టితే గట్టి రేకు టంగుమంటుంది. తినేసిన రేకు మొద్దుగా పలుకుతుంది. బ్రేకు గొట్టాలు, ఇంధన ట్యాంకు, ఇంధన గొట్టాల మీద మాత్రం ఇటువంటి తట్టుడు కూడదు. వాటిని కంటితో చూసి, అనుమానం ఉంటే మెకానిక్‌కు అప్పగించాలి.

తుప్పును మూడు దశలుగా గుర్తించవచ్చు. గోధుమరంగు పొడిలా అంటుకుని, రుద్దితే గట్టి లోహం బయటపడేది పైపై తుప్పు. దీన్ని పూర్తిగా అదుపు చేయవచ్చు. పొలుసులుగా, పెచ్చులుగా ఊడేది రెండో దశ. రేకు మందం తగ్గినట్టే లెక్క. వేలితో నొక్కితే కుంగేది, చిల్లులు పడినది మూడో దశ. దీనికి పూత మందు కాదు. పాడైన ముక్కను కత్తిరించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. చిల్లును పుట్టీతోనో, ఫైబర్ ముక్కతోనో పూడ్చి నల్లరంగు కొట్టడం మోసంతో సమానం.

కడగడం.. ఆరబెట్టడం.. ఆ తరువాతే పూత

మొదటి పని మట్టి వదిలించడం. చక్రాలు విప్పి, గూళ్లలోని ప్లాస్టిక్ తొడుగులు తీసి, ఒత్తిడి నీటితో మూలలు, మడతలు కడిగించాలి. గ్రీజు, నూనె మరకలను సబ్బునీటితో పోగొట్టాలి. చివరగా లవణాలు తక్కువ ఉన్న నీటితో తొలిపితే మంచిది. తాగునీటిని ఇందుకు వృథా చేయనక్కరలేదు. సంపులో పట్టి ఉంచిన వాననీరు రెండు బకెట్లున్నా సరిపోతుంది.

రెండో పని ఆరబెట్టడం. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. ఉదయం కడిగి మధ్యాహ్నం పూత కొట్టించుకుని వెళితే అతుకుల్లో దాగిన నీరు పూత కింద ఖైదవుతుంది. గాలి ఒత్తిడితో మూలల్లోని నీటిని ఊదించి, కనీసం ఒక రోజంతా పొడి వాతావరణంలో ఉంచాలి. మార్చి నుంచి మే వరకు ఎండలు ముదిరి, గాలిలో తేమ తక్కువగా ఉండే రోజులు ఈ పనికి అనువైనవి. జూన్‌లో తొలకరి పలకరించాక మొదలుపెడితే ఆరడం కష్టం.

మూడోది తుప్పు తొలగించడం. వైరు బ్రష్షు, గ్రైండరుకు అమర్చే వైరు చక్రం, ఎమరీ కాగితంతో గట్టి లోహం కనబడేవరకు గీకాలి. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. పరికరం చేరని సందుల్లో మిగిలిన పలుచని తుప్పుపై తుప్పు మార్పిడి ద్రావణం వాడవచ్చు. ఇందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం లేదా టానిక్ ఆమ్లం తుప్పుతో చర్య జరిపి దాన్ని స్థిరమైన నల్లని పొరగా మారుస్తుంది. పెచ్చులు ఊడుతున్న తుప్పుమీద దీన్ని పూస్తే ప్రయోజనం ఉండదు. పెచ్చు ఊడితే మందూ ఊడుతుంది.

నాలుగోది ప్రైమర్. జింకు అధికంగా ఉన్న ప్రైమర్‌ను శుభ్రమైన ఉక్కుకు నేరుగా తగిలేలా వేయాలి. తుప్పు పొర మీదో, మార్పిడి ద్రావణం మీదో వేస్తే జింకుకూ ఇనుముకూ సంబంధం తెగి, దాని గుణం పనిచేయదు. అటువంటిచోట ద్రావణం డబ్బాపై సూచించిన ప్రైమర్ వాడాలి. ఇళ్ల గేట్లకు వేసే రెడ్ ఆక్సైడ్‌ను వాహనం అడుగున పూసి వదిలేయడం చాలాకాలంగా ఉన్న అలవాటు. అది పైపూతకు ఆధారమే గానీ, నీటిని పూర్తిగా అడ్డుకునే తుదిపూత కాదు.

ఏ పూత మంచిది?

షెడ్లలో ప్రధానంగా మూడు రకాల పూతలు దొరుకుతున్నాయి. తారు ఆధారిత పూత చవక. దళసరిగా పట్టి గులకరాళ్ల దెబ్బను తట్టుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పగుళ్లిస్తుంది. పగులులోంచి దూరిన నీరు బయటకు రాదు. రబ్బరు కలిపిన పూత సాగే గుణం వల్ల ఎక్కువకాలం నిలుస్తుంది, రోడ్డు చప్పుడునూ తగ్గిస్తుంది. ఈ రెండూ కొత్త వాహనాలకు, పూర్తిగా శుభ్రపరచిన లోహానికి తగినవి.

మూడోది మైనం లేదా గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ ఆధారిత పూత. ఇది గట్టిపడదు. మెత్తగా ఉండి సందుల్లోకి పాకుతుంది. చిన్న గీతలు పడితే తనంతట తానే కొంత కమ్ముకుంటుంది. కింద జరిగేది కనబడకుండా పోదు. నీటి తాకిడికి అరిగిపోతుంది గనుక ఏటా సరిచూసి మళ్లీ వేయించుకోవాలి. ఎంత గీకినా ఎక్కడో తుప్పు మిగిలే పాత వాహనానికి ఇదే క్షేమం. రన్నింగ్ బోర్డు, తలుపులు, ఛాసిస్ లోపలి బోలు భాగాలకు పొడవాటి సన్నని గొట్టంతో మైనాన్ని లోపలికి పిచికారీ చేయించాలి. బయట ఎంత దళసరి పూత ఉన్నా, లోపలి నుంచి వచ్చే తుప్పును అది ఆపలేదు.

పూత పడకూడని భాగాలూ ఉన్నాయి. సైలెన్సర్, పొగ గొట్టం, క్యాటలిటిక్ కన్వర్టర్ వేడికి పూత కాలి పొగ, నిప్పు పుట్టే ప్రమాదం ఉంది. బ్రేకు డిస్కులు, డ్రమ్ములు, చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టులు, షాక్ అబ్జార్బర్లు, రబ్బరు బుష్‌లు, సెన్సర్లను కాగితంతో కప్పి ఉంచాలి. నీరు కారే రంధ్రాలను పూతతో మూసివేస్తే మొత్తం పని వ్యర్థం. పని ముగిశాక ఆ రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో యజమాని స్వయంగా చూసుకోవాలి. విద్యుత్ వాహనాల అడుగున బ్యాటరీ ఉంటుంది గనుక తయారీ సంస్థ అనుమతి లేకుండా ఏ పూతా వేయించరాదు.

డీజిల్ పిచికారీతో చిక్కులు

వాటర్ సర్వీసింగ్ తరువాత అడుగున డీజిల్, కాల్చిన ఇంజిను ఆయిల్ కలిపి కొట్టించడం పాత అలవాటు. నూనె పొర కొద్దిరోజులు నీటిని అడ్డుకునే మాట వాస్తవమే. డీజిల్ ఆవిరయ్యాక మిగిలిన జిడ్డు దుమ్మును పట్టి, మట్టి పొరను పెంచుతుంది. రబ్బరు బుష్‌లు ఉబ్బి మెత్తబడతాయి. బ్రేకులపై పడితే పట్టు తప్పుతుంది. వాడేసిన ఇంజిను ఆయిల్ 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. అది కాలువల గుండా చెరువులకు, మూసీకి చేరుతుంది. ఆటోలు, స్కూటర్ల యజమానులు కూడా ఈ పద్ధతి మానుకుని, స్టాండు, సైలెన్సర్ బిగింపులు, బ్యాటరీ అడుగున ఉండే రేకును శుభ్రపరచి మైనం పూత వేయించుకోవడం మేలు.

నీట మునిగితే..

వరదనీరు లోపలికి చేరిన వాహనాన్ని స్టార్ట్ చేయకుండా షెడ్డుకు చేర్చాలి. తివాచీలు, సీట్ల కింది నురుగు పరుపులు ఆలస్యం చేయక తీసి ఆరబెట్టాలి. అవి తడిగా ఉన్నంతకాలం నేల రేకు పైనుంచి కూడా తుప్పు పడుతుంది. బురద గట్టిపడకముందే బోలు భాగాలు కడిగించాలి. సమగ్ర బీమా పాలసీలో వరద నష్టానికి పరిహారం ఉంటుంది. కాలక్రమేణా వచ్చే అరుగుదల, తుప్పు దాని పరిధిలోకి రావు. అందుకే మునిగిన వెంటనే ఫొటోలు తీసి బీమా సంస్థకు తెలియజేయాలి. నెలలు గడిచాక చూపించే తుప్పును వరద నష్టంగా నిరూపించడం కష్టం.

పాత కారు కొనేవారికి

అమ్మకానికి పెట్టిన పాత కారు అడుగున నిగనిగలాడే కొత్త నల్ల పూత కనబడితే సంతోషించడం కంటే సందేహించడం మేలు. పూత ఎప్పుడు, ఎందుకు వేయించారో అడగాలి. సీటు పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో బురద చార, పూర్తిగా బయటకు లాగిన సీటు బెల్టు చివర మట్టి మరక వరదలో మునిగిన వాహనానికి ఆనవాళ్లు. మొదట ఎక్కడ రిజిస్టర్ అయిందో ఆర్‌సీలో చూడాలి. ఏపీ 31 విశాఖపట్నానికి, ఏపీ 05 తూర్పుగోదావరికి, ఏపీ 16 కృష్ణా జిల్లాకు చెందిన నంబర్లు. అవి కనిపిస్తే వాహనం తీరప్రాంతంలో తిరిగి ఉండే అవకాశం ఉంది. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా ఏపీ 39 వరుస రావడంతో ఆ తరువాతి వాహనాల విషయంలో నంబరు చూసి జిల్లా చెప్పలేం.

పదిహేనేళ్లు దాటితే..

మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత వాహనం యోగ్యంగా ఉందని తేలితే ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవచ్చు. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ ధ్రువపత్రం అవసరం. కార్ల పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి రూ.600 నుంచి రూ.5,000కు పెంచింది. ఇంత చెల్లించి పునరుద్ధరించుకునేముందు అడుగుభాగం ఆ ఐదేళ్లు నిలుస్తుందో లేదో చూసుకోవడం వివేకం. బరువు మోసే ప్రధాన రేకులు, సస్పెన్షన్ బిగించే స్థానాలు ఒకటికి మించినచోట్ల తినేసి ఉంటే, ఎంత అభిమానమున్నా ఆ వాహనాన్ని తుక్కుకు ఇవ్వడమే కుటుంబానికి క్షేమం.

ఏడాది పొడవునా..

మార్చి, ఏప్రిల్ నెలల్లో కడిగించి, ఆరబెట్టి, తుప్పు గీకించి పూత వేయించుకోవాలి. వానాకాలంలో నీటిలో వెళ్లివచ్చిన మర్నాడే అడుగున మట్టి కడిగి, వాహనాన్ని కాసేపు గాలి ఆడేచోట నిలపాలి. తడి వాహనానికి కవరు కప్పరాదు. నవంబరులో వానలు వెనుదిరిగాక మరోసారి ర్యాంపు ఎక్కించి, పూత లేచినచోట సరిచేయించాలి. ఈసారి షెడ్డుకు వెళ్లిన యజమాని కుర్చీలో కూర్చోకుండా మెకానిక్ పక్కన నిలబడి, టార్చి వెలుగులో ఒక్క ఐదు నిమిషాలు అడుగుభాగాన్ని చూస్తే, చిల్లు పడకముందే పొక్కు దశలోనే తుప్పు దొరుకుతుంది.